మన హృదయముకంటె దేవుడు అధికుడు
కవి విలియం కూపరుగారి జీవితము

ధ్యాన భాగములు: 1 రాజులు 19:1-8, కీర్తన 88, 1 యోహాను 3:19-20



ఇమ్మానుయేలు రక్తపు ఊటను గూర్చిన పాటను ఎరుగనివారు మన సంఘములలో అరుదు. సంస్కార దినమున దానిని తెలుగున పాడుచు కన్నీరు విడిచిన పెద్దలు అనేకులు గలరు. జెకర్యా 13:1 ఆధారముగా ఆ పాటను ఇంగ్లీషున వ్రాసిన భక్తుడు విలియం కూపరుగారు. అంత నిశ్చయతగల పాట వ్రాసిన ఆ మనిషి, తన చివరి ఇరువది యేడు సంవత్సరములలో చాల భాగము దేవుడు తన్ను విడిచిపెట్టెనని తలంచుచు బ్రదికెనన్న సంగతి కొద్దిమందికే తెలియును. మనస్సు క్రుంగినవారు మన యిండ్లలోను ఉన్నారు గనుక ఈ నెల ఆయన జీవితమును ధ్యానింతము.

కూపరుగారు 1731లో ఇంగ్లాండు దేశమందలి బెర్కంస్టెడ్‌లో జన్మించెను. తండ్రి అక్కడి పాదిరిగారు. బాలునికి ఆరేండ్లయినను నిండకమునుపే, 1737లో, తల్లి మరణించెను. ఏబది ఏండ్లు దాటిన తరువాత, 1790లో, ఒక బంధువు ఆమె చిత్రపటమును పంపగా ఆయన దానిని ముద్దు పెట్టుకొని, ఉదయమున కన్ను తెరువగానే కనబడునట్లు తగిలించుకొనెను. చిన్ననాటి దుఃఖము ఎంత లోతుగా వేరుపారునో చూడుడి.

తల్లి పోయిన పిమ్మట ఆయనను బోర్డింగు పాఠశాలకు పంపిరి. అక్కడ పెద్ద విద్యార్థి యొకడు ఆయనను క్రూరముగా హింసించెను. బాలుడు వాని ముఖమువైపు కన్నెత్తి చూడ భయపడి, వాని చెప్పుల బిళ్లలను బట్టియే వానిని గుర్తించెడివాడు. అట్టి భయము మనిషితోకూడ పెరుగును. 1763లో ప్రభువుల సభలో ఆయనకు మంచి ఉద్యోగము లభింపనైయుండెను. అయితే సభవారి యెదుట నిలిచి పరీక్ష ఇయ్యవలెను. ఆ తలంపుతో నెలల తరబడి ఆయనకు శాంతి లేకపోయెను. చివరకు ప్రాణము తీసికొన యత్నించెను. దేవుని కృపవలన అది నెరవేరలేదు.

బంధువులు ఆయనను సెయింట్ ఆల్బన్స్‌లోని నథానియేలు కాటన్ అను వైద్యుని యొద్దకు చేర్చిరి. ఆ వైద్యుడు దైవభక్తిగలవాడు, మృదువైనవాడు. పిచ్చివారిని గొలుసులతో కట్టుచుండిన ఆ కాలములో ఆయన కూపరుగారిని దయతో చూచెను. 1764లో ఒకనాడు అక్కడ బైబిలు తెరచి రోమా 3:25 చదువుచుండగా, క్రీస్తు రక్తము తన పాపమునకు చాలునని కూపరుగారికి తేటపడెను.

తరువాత ఆయన అన్విన్ కుటుంబముతో నివసించెను. ఇంటి యజమాని గుఱ్ఱము మీదనుండి పడి మరణించగా, 1767లో ఆ విధవరాలు మేరీ అన్విన్ అమ్మగారితోను ఆమె కుమార్తెతోను ఓల్నీ అను ఊరు చేరెను. అక్కడి పాదిరి జాన్ న్యూటన్, పూర్వము బానిసల ఓడకు నాయకుడు, ఇప్పుడు క్రీస్తు దాసుడు. వీరిద్దరును బీదలను దర్శించుచు, ప్రార్థన కూటములకు పాటలు వ్రాయుచుండిరి. 1779లో అచ్చుపడిన ఓల్నీ కీర్తనలలో అరువదికి పైగా కూపరుగారివే.

అయితే 1773 ఆరంభమున ఆ చీకటి మరల కమ్మెను. తాను నశించితినని తెలుపు భయంకరమైన కల యొకటి వచ్చెను. దానిని ఆయన దేవుని తీర్పుగా నమ్మెను. గుడికి పోవుట మానెను. ప్రార్థించుటకు తనకు హక్కు లేదనెను. న్యూటన్‌గారు ఆయనను పాదిరి బంగళాలోనికి చేర్చుకొని సంవత్సరమునకు పైగా ఉంచుకొనెను. అన్విన్ అమ్మగారు రాత్రింబగళ్లు కాచుకొనియుండెను.

ఆయన లేచి తిరుగులాడునట్లు చేసినవి పెద్ద ప్రసంగములు కావు. పొరుగువారి పిల్లలు పెంచలేక విడిచిన కుందేటి పిల్ల యొకటి 1774లో ఆయన చేతికి వచ్చెను. పిమ్మట మరి రెండు చేరెను. వాటికి మేత పెట్టవలెను గనుక మంచము దిగవలసి వచ్చెను. వాటికి గూళ్లు చేయుటకు వడ్రంగము పట్టెను. తోటలో దోసకాయలు పెంచెను. అన్విన్ అమ్మగారు పద్యములు వ్రాయుమని పురికొల్పెను. ఆస్టెన్ అను దొరసాని తన సోఫాను గూర్చి ఒక పద్యము వ్రాయుమని వేడుకగా అడుగగా, ఆ చిన్న పని పెరిగి పెరిగి 1785లో ఆరు భాగముల మహాకావ్యమాయెను. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగా కూడ ఆయన పద్యములు వ్రాసెను.

అయినను నిరాశ పూర్తిగా పోలేదు. 1796లో అన్విన్ అమ్మగారు మరణించెను. 1800 ఏప్రిల్ 25న, తన రక్షణను గూర్చిన నెమ్మది లేకయే, కూపరుగారు కన్ను మూసెను.

ప్రియులారా, ఇందు మనము నేర్చుకొనవలసినవి మూడు గలవు.

మొదటిది: మనస్సులో కలుగు భావము వేరు, దేవుని తీర్పు వేరు. దుఃఖము, భయము అనునవి చిన్ననాటి గాయములవలన, శరీర రోగమువలన, అప్పులవలన, నష్టములవలన పుట్టును. అవి నిజమైన బాధలే, కాని నిజమైన సాక్షులు కావు. మన హృదయము మనమీద దోషారోపణ చేసినను దేవుడు దానికంటె అధికుడని యోహాను బోధించుచున్నాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగియును, అయినను దేవుడు దానిని తన గ్రంథమునుండి తీసివేయలేదు.

రెండవది: క్రుంగినవానిని గద్దింపకుడి. విశ్వాసము చాలదని, దయ్యము పట్టినదని అనకుడి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాను దూత గద్దింపలేదు. రొట్టెయు నీళ్లును ఇచ్చి, మరల నిద్రపోనిచ్చెను. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చున్నంతవరకు మేలే చేసిరి. నోరు తెరచి నేరము మోపినప్పుడే తప్పిరి. కాబట్టి ప్రక్కన కూర్చుండుడి. ఒక మేకపిల్లనో, కూరగాయల మడినో అప్పగించుడి.

మూడవది: వైద్యుడు కూడ దేవుని దానమే. కూపరుగారి కాలములో లేని మందులు నేడు గలవు. మలేరియాకు మందు మ్రింగుట అవిశ్వాసము కానట్లే, మనోవ్యాధికి మ్రింగుటయు కాదు. చావవలెనని ఎవరైన అన్నయెడల తేలికగా తీసికొనకుడి. వారిని ఒంటరిగా విడువక వైద్యుని యొద్దకు తోడుకొనిపొండి.

కూపరుగారు దేవుని పట్టుకొనలేకపోయిరి. అయితే రక్షణ మన పట్టు మీద ఆధారపడియున్నదా? మరణమైనను జీవమైనను క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపలేదని పౌలు రూఢిగా నమ్మెను. తాను త్రాగలేననుకొనిన ఊటయొద్దకు కూపరుగారు వేలమందిని నడిపించిరి. ఈ ఆదివారము ఆ పాట పాడునప్పుడు, మన వరుసలో నోరు మెదపలేక కూర్చున్నవారెవరో చూడుడి. ఆరాధన ముగిసిన పిమ్మట వారితోకూడ ఇంటివరకు నడువుడి.

ప్రార్థన: తండ్రీ, మా హృదయములు మమ్మును నిందించునప్పుడు నీవు వాటికంటె అధికుడవని జ్ఞాపకము చేయుము. నలిగినవారికి మమ్మును తోడుగా నుంచుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.