మరొకరి తలాంతును పాతిపెట్టవద్దు

తన తలాంతును భూమిలో పాతిపెట్టిన దాసుని గురించి మనం అనేక ప్రసంగాలు విన్నాం. మరొకరి తలాంతును పాతిపెట్టేవారి గురించి వినడం తక్కువ. ఈ వారం అందుకే అమెరికా పారిశ్రామిక రసాయన శాస్త్రవేత్త పెర్సీ జూలియన్ జీవితాన్ని మా చదువరుల ముందుంచుతున్నాం.

ఆయన 1899 ఏప్రిల్ 11న అలబామా రాష్ట్రం మాంట్‌గొమరీలో నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తాత బానిసగా బ్రతికినవాడు. తండ్రి రైల్వే తపాలా గుమస్తా, తల్లి ఉపాధ్యాయురాలు. ఆ ఊళ్లో నల్లజాతి పిల్లలకు ఎనిమిదో తరగతి దాటితే ప్రభుత్వ హైస్కూలు లేదు. అయినా ఆ తల్లిదండ్రులు తమ ఆరుగురు పిల్లలనూ కళాశాలకు పంపారు.

1916లో జూలియన్ ఇండియానాలోని డిపా విశ్వవిద్యాలయానికి వెళ్లారు. అది మెథడిస్టులు స్థాపించిన విద్యాలయం. అక్కడ కూడా హాస్టల్లో ఆయనకు చోటు లేదు. బయట గది దొరికింది గాని ఆ ఇంటివారు భోజనం పెట్టలేదు. ఒకటిన్నర రోజు పస్తున్నాక ఎక్కడో ముద్ద దొరికింది. తరువాత తెల్లజాతి విద్యార్థుల వసతిగృహంలో పొయ్యి రాజేస్తూ, వడ్డన చేస్తూ, అటకమీద పడుకొని చదువుకున్నారు. 1920లో తరగతిలో ప్రథముడిగా పట్టా పొందారు.

హార్వర్డ్‌లో ఎం.ఏ., 1931లో వియన్నాలో డాక్టరేటు సాధించి డిపాకు తిరిగి వచ్చారు. 1935లో సహచరుడు జోసెఫ్ పికల్‌తో కలిసి ఫైసోస్టిగ్మిన్ అనే మందును ప్రయోగశాలలో తయారుచేశారు. చూపును హరించే గ్లకోమాకు అది ఔషధం. ఆక్స్‌ఫర్డ్‌లో పేరుమోసిన శాస్త్రవేత్తలు పొరబడిన చోట ఈయన లెక్క సరైనదని తేలింది. అయినా రంగు కారణంగా డిపా విశ్వవిద్యాలయం ఆయనకు ఆచార్య పదవి ఇవ్వలేదు.

1936లో షికాగోలోని గ్లిడెన్ కంపెనీ సోయా విభాగపు పరిశోధనను ఆయనకు అప్పగించింది. ఆయన వేరుచేసిన సోయా ప్రోటీన్‌తో తయారైన నురగ రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలపై చమురు మంటలను ఆర్పి నావికుల ప్రాణాలు కాపాడింది. ఒకసారి పెద్ద సోయా నూనె ట్యాంకులోకి నీరు చేరి తెల్లని ముద్ద ఏర్పడింది. పాడైపోయిందని ఇతరులు అనుకున్న దానిలో ఆయన స్టిగ్మాస్టెరాల్‌ను గుర్తుపట్టారు. దానినుండి ప్రొజెస్టెరాన్ హార్మోనును పెద్ద మొత్తంలో తయారుచేశారు. 1949లో కీళ్లవాతానికి కార్టిజోన్ పనిచేస్తుందని తెలిసింది గాని, పశువుల పిత్తరసం నుండి తీసే ఆ మందు బహు ఖరీదు. దానికి అతి దగ్గరి పదార్థాన్ని సోయానుండి చేసే దారిని జూలియన్ చూపారు.

ఆ దినాల్లోనే, 1950లో, ఆయన షికాగో పక్కనున్న ఓక్ పార్క్‌లో ఇల్లు కొన్నారు. థాంక్స్‌గివింగ్ పండుగ వేళ, కాపురానికి రాకముందే, ఆ ఇంటికి నిప్పంటించబోయారు. మరుసటి సంవత్సరం జూన్‌లో డైనమైట్ విసిరారు. లోపల పిల్లలున్నారు, దేవుని కృపవలన ఎవరికీ హాని కలుగలేదు. అండగా నిలిచిన పొరుగువారూ ఉన్నారు. ఆ కుటుంబం ఊరు విడిచిపోలేదు.

1953లో సొంతంగా జూలియన్ లేబొరేటరీస్ స్థాపించి, ఇతర చోట్ల తలుపులు మూసుకుపోయిన నల్లజాతి రసాయన శాస్త్రజ్ఞులకు పని ఇచ్చారు. ఒక పదార్థం దిగుబడి నాలుగింతలు కాగానే కిలో ధరను 4,000 డాలర్లనుండి 400కు తగ్గించారు. 1973లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకుంది. 1975 ఏప్రిల్ 19న కన్నుమూశారు. నేడు ఓక్ పార్క్‌లో ఒక పాఠశాలకు ఆయన పేరే ఉంది. డిపాలో విజ్ఞాన భవనానికీ అదే పేరు.

భవనానికి పేరు పెట్టడం మంచిదే. కాని ఆ యౌవనస్థుడు ఆకలితో ఉన్న రోజున ఒక పళ్లెం పెట్టి ఉంటే ఇంకా మంచిది. క్రైస్తవుల చేతులతో కట్టిన విద్యాలయమే ఆ పని మరచిందంటే, మన సంఘాలు తమ్మును తాము పరీక్షించుకోవాలి. కులాన్నిబట్టి, పేదరికాన్నిబట్టి మనం వెనుక బల్లమీద కూర్చోబెట్టిన బిడ్డలో ప్రభువు ఏ తలాంతు ఉంచాడో మనకు తెలియదు. లెక్క అడిగే దినాన మన తలాంతును గురించే కాదు, మనం తలుపు వేసిన వారి తలాంతును గురించి కూడా ఆయన అడుగుతాడు.