బర్ట్ మన్రో

బర్ట్ మన్రో (మార్చి 25, 1899 - జనవరి 6, 1978) న్యూజీలాండ్ దేశానికి చెందిన సుప్రసిద్ధ మోటారు సైకిల్ పోటీదారు. 1920లో కొన్న ఒక సాధారణ మోటారు సైకిల్‌ను దశాబ్దాల పాటు తన చేతులతోనే మెరుగుపరచి, 1967లో 68వ ఏట అమెరికాలోని బోనవిల్ ఉప్పు మైదానంలో వేగపు రికార్డు నెలకొల్పాడు. ఏ తయారీ సంస్థ అండా లేకుండా, పరిమితమైన డబ్బుతో, పాత ఇనుముతో ఒక వ్యక్తి ఎంత దూరం వెళ్ళగలడో చెప్పడానికి ఇతని జీవితాన్ని ఉదాహరణగా చూపుతారు.

బాల్యము, తొలి జీవితము

ఇతని పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. న్యూజీలాండ్ దక్షిణ ద్వీపపు దక్షిణ కొనలో ఉన్న ఇన్వర్‌కార్గిల్ పట్టణంలో జన్మించాడు. కవలలుగా పుట్టినవారిలో సోదరి పుట్టుకలోనే మరణించింది. ఎడెన్‌డేల్ వద్ద కుటుంబానికి చెందిన వ్యవసాయ క్షేత్రంలో పెరిగాడు. గుర్రాల వేగం మీద మొదలైన మోజు క్రమంగా యంత్రాల మీదికి మళ్ళింది. తరువాతి కాలంలో మోటారు సైకిళ్ళ విక్రేతగా, మెకానిక్‌గా జీవనం సాగించాడు. 1925లో వివాహం జరిగింది. నలుగురు సంతానం. పగలు ఉద్యోగం చేసి, రాత్రి తెల్లవారేవరకు యంత్రం దగ్గరే గడిపి, తిరిగి ఉద్యోగానికి వెళ్ళడం ఇతనికి పరిపాటి. 1947లో భార్యాభర్తలు విడాకులు పొందారు. ఆ తరువాత ఉద్యోగం మానివేసి, మోటారు సైకిళ్ళు ఉంచే షెడ్డులోనే నివాసం ఏర్పరచుకున్నాడు.

ఇండియన్ స్కౌట్

మన్రో వాహనం పేరు ఇండియన్ స్కౌట్. పేరులో ఇండియన్ అని ఉన్నా దీనికి భారతదేశంతో సంబంధం లేదు. అమెరికాలోని మాసచూసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో 1901లో ప్రారంభమైన మోటారు సైకిల్ సంస్థ పేరు అది. స్కౌట్ నమూనాను చార్లెస్ ఫ్రాంక్లిన్ అనే ఐరిష్ ఇంజనీరు రూపొందించాడు. సుమారు 600 సి.సి. సామర్థ్యం గల రెండు సిలిండర్ల ఇంజనుతో దాని గరిష్ఠ వేగం గంటకు దాదాపు 89 కిలోమీటర్లు. మన్రో 1920లో దీనిని కొని, 1926 నుండి మార్పులు చేయసాగాడు. 1936 నాటి వెలోసెట్ మోటారు సైకిల్‌ను కూడా ఇదే విధంగా మెరుగుపరచాడు.

యంత్రానికి చేసిన మార్పులు

స్కౌట్ ఇంజనులో వాల్వులు సిలిండరు పక్కన ఉండేవి. ఇటువంటి అమరికలో గాలి, ఇంధనాల మిశ్రమం వంపు తిరిగి లోపలికి రావాలి. అందువలన అధిక వేగంలో ఇంజను తగినంత మిశ్రమాన్ని పీల్చుకోలేదు. మన్రో వాల్వులను సిలిండరు పైభాగానికి మార్చి ఈ లోపాన్ని సవరించాడు. సిలిండర్లను పెద్దవి చేస్తూ పోయి ఇంజను సామర్థ్యాన్ని క్రమంగా 950 సి.సి. వరకు పెంచాడు.

కొత్త భాగాలు కొనే స్తోమత లేనందున చాలావాటిని తానే తయారు చేసుకున్నాడు. పాత డబ్బాలను మూసలుగా వాడి పిస్టన్లను పోతపోశాడు. పోత ఇనుప గొట్టాలతో సిలిండర్లు చేశాడు. ట్రాక్టరు ఇరుసును చెక్కి కనెక్టింగ్ రాడ్లను తయారు చేశాడు. ఫ్లై వీళ్ళు, క్యామ్‌లు కూడా ఇతని చేతి పనే. కొలతలు చూడడానికి చక్రపు పాత ఊచతో ఒక సాధనం చేసుకున్నాడు. టైర్ల మీది గాళ్ళను కత్తితో చెక్కి నునుపు చేసేవాడు.

ఈ భాగాలు ఎన్నోసార్లు విఫలమయ్యాయి. నెలల తరబడి చేసిన భాగం ఒక్క పరుగులో పగిలిపోయిన సందర్భాలున్నాయి. మన్రో వాటిని పారవేయక, వేగదేవునికి సమర్పించిన నైవేద్యాలుగా పేర్కొంటూ షెడ్డులో ఒక అలమరలో వరుసగా భద్రపరచాడు. ఏ భాగం ఎక్కడ పగిలిందో పరిశీలిస్తే తరువాత చేసే భాగాన్ని ఎక్కడ బలపరచాలో తెలిసేది.

సముద్రతీరపు పోటీలు

ఇన్వర్‌కార్గిల్ సమీపంలోని ఒరెటి తీరం మన్రోకు ప్రయోగశాల వంటిది. అలల వలన గట్టిపడిన ఆ పొడవైన ఇసుక నేల మీద పోటీలు జరిగేవి. ఇసుక మీద చక్రం పట్టు జారిపోతుంది. కనుక ఇంజను శక్తిని పెంచినంత మాత్రాన వేగం పెరగదు, ఆ శక్తి నేలకు అందాలి. ఇక్కడ నేర్చుకున్న ఈ పాఠం తరువాత ఉప్పు నేల మీద ఉపయోగపడింది. కొండలెక్కే పోటీలలోనూ ఇతడు పాల్గొన్నాడు. 1938లో తొలి న్యూజీలాండ్ వేగపు రికార్డును నెలకొల్పాడు.

బోనవిల్ రికార్డులు

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బోనవిల్ మైదానం ఎండిపోయిన ప్రాచీన సరస్సు అడుగుభాగం. చదునుగా, విశాలంగా ఉండే ఈ ఉప్పు నేల వేగపు పరీక్షలకు ప్రసిద్ధి. మన్రో మొదటిసారి కేవలం చూడడానికి వెళ్ళి, తరువాత పలుమార్లు పోటీకి వెళ్ళాడు. అప్పటికే గుండె జబ్బు ఉన్నా ప్రయత్నం మానలేదు. గాలి నిరోధాన్ని తగ్గించడానికి వాహనం చుట్టూ చేప ఆకారంలో ఒక తొడుగును అమర్చాడు.

* 1962: 850 సి.సి. ఇంజనుతో గంటకు 288 కిలోమీటర్లు (178.95 మైళ్ళు)
* 1966: 920 సి.సి. ఇంజనుతో గంటకు 270 కిలోమీటర్లు (168.07 మైళ్ళు)
* 1967: 950 సి.సి. ఇంజనుతో గంటకు 295 కిలోమీటర్లు (183.59 మైళ్ళు)

1966 నాటి వేగం తక్కువైనా, అది వేరే తరగతికి చెందిన రికార్డు. 1967లో అర్హత కొరకు ఒకే దిశలో చేసిన పరుగులో 190.07 మైళ్ళ వేగం నమోదైంది.

లెక్కలో దోషం - సవరణ

గాలి వాలు వలన కలిగే లాభం చేరకుండా, రికార్డు కొరకు వ్యతిరేక దిశలలో రెండు పరుగులు చేసి సగటు తీస్తారు. 1967లో మన్రో వేగాలు ఒక దిశలో 184.710 మైళ్ళు, రెండవ దిశలో 183.463 మైళ్ళు. వీటి సగటు 184.087 మైళ్ళు. కాని ఆనాటి గణనలో జరిగిన పొరపాటు వలన 183.59గా నమోదైంది. కుమారుడు జాన్ మన్రో ఈ దోషాన్ని గమనించగా, 2014లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ రికార్డును సవరించింది. అప్పటికి మన్రో మరణించి 36 సంవత్సరాలైంది. తేడా అర మైలు మాత్రమే. అయినా, చిన్న చిన్న మెరుగుదలల కోసం జీవితాన్ని వెచ్చించిన వ్యక్తికి ఆ అర మైలు న్యాయంగా దక్కవలసినదే.

చివరి రోజులు, స్మృతి

అనారోగ్యం కారణంగా మన్రో తన వాహనాలను ఇన్వర్‌కార్గిల్‌కు చెందిన ఒక వ్యాపారికి అమ్మివేశాడు. 1978 జనవరి 6న, 78వ ఏట మరణించాడు. న్యూజీలాండ్ దర్శకుడు రోజర్ డొనాల్డ్‌సన్ ఇతని జీవించి ఉన్న కాలంలోనే ఒక డాక్యుమెంటరీని, 2005లో ది వరల్డ్స్ ఫాస్టెస్ట్ ఇండియన్ అనే చలనచిత్రాన్ని నిర్మించాడు. అందులో మన్రో పాత్రను ఆంథోనీ హాప్కిన్స్ పోషించాడు. పలు యాత్రల విశేషాలను చిత్రంలో ఒకే యాత్రగా చూపారు కనుక చరిత్రకూ చిత్రానికీ కొంత భేదం ఉన్నది. 2006లో అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ తన కీర్తి మందిరంలో ఇతనికి స్థానం కల్పించింది. అదే సంవత్సరం ఇన్వర్‌కార్గిల్ ప్రాంతంలో ఇతని పేరిట మోటారు సైకిల్ పోటీలు ప్రారంభమయ్యాయి. మన్రో ప్రయోగాలు చేసిన ఒరెటి తీరపు ఇసుక మీద జరిగే పరుగు వాటిలో ముఖ్యమైనది.