విద్యార్థిగా వెళ్లి గురువైన ద్వారం వెంకటస్వామి నాయుడు

నవంబరు 8 ఫిడేలు నాయుడు గారి జయంతి. మన సిరోంచ పెద్దవాళ్లలో ఆ పేరు విన్నవారున్నారు. మరాఠీ బడుల్లో చదివే పిల్లలకు మనం చెబితే తప్ప తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో బెంగళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో ఉద్యోగి. పెరిగింది విశాఖపట్నంలో. చిన్నప్పటి నుంచి చూపు మందం కావడంతో బడి చదువు సాగలేదు. అన్నగారు వెంకటకృష్ణయ్య దగ్గర కూర్చోబెట్టుకుని ఫిడేలు నేర్పారు.

1919లో విజయనగరం మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడ విద్యార్థిగా చేరదామని నాయుడు గారు వెళ్లారు. ఆయన వాయిద్యం విన్న దాసు గారు ఫిడేలు ఆచార్యుడిగానే తీసుకున్నారు. అప్పటికి వయసు 26. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

సంగీతాన్ని కళాశాలలో చెప్పడంలో ఒక చిక్కుంది. వర్ణం, కీర్తన అయితే పాఠం చెప్పి పరీక్ష పెట్టవచ్చు. రాగాలాపన, నెరవు, కల్పన స్వరాలు అలా కావు, అప్పటికప్పుడు పుట్టాలి. దానినే మనోధర్మం అంటారు. అమెరికాలో జాజ్ వాయించేవాళ్లకూ ఇలాంటి విద్యే ప్రాణం. ఇది బట్టీకి లొంగదు. గురువు వాయిస్తుంటే పదే పదే విని, రాగం హద్దులు తెలిశాక, శిష్యుడు సొంతంగా అడుగు వేయాలి.

నాయుడు గారు కమాను నిండుగా లాగి ఫిడేలును మనిషి గొంతులా పలికించారు. పక్కవాద్యంగా ఉన్నదాన్ని కచేరీ వాద్యంగా నిలబెట్టారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1952లో మద్రాసులో ఆయన వాయిద్యం విని, ప్రపంచ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మెచ్చుకున్నారు. మన ఘంటసాల, సుశీల చదివింది ఆ విజయనగరం కళాశాలలోనే. నాయుడు గారు 1964లో కన్నుమూశారు.

ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మొదటి రెండేళ్లు తరగతిలో నోరు విప్పని పిల్లలు మన ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లకు చదువు రాదని ముందుగా తీర్పు చెప్పేది మనమే. బడి సాగని తమ్ముడికి ఆ అన్నగారు ఫిడేలు అందించారు. మన పిల్లల చేతికి మనం ఏం అందిస్తున్నాం?