ఇల్లు విడిచిపెట్టిన దాసుగారు

పొలమమ్మి క్యాన్సరు వైద్యము చేయించుకొను కుటుంబములు మన సంఘములలోను కలవు. పరుల వైద్యము కొరకు తన యిల్లే యిచ్చివేసిన యొకని సంగతి ఆలకింపుడి.

చిత్తరంజన్ దాస్ 1870లో కలకత్తాలో జన్మించెను. 1906లో తండ్రితో కూడ దివాలా తీసెను. చట్టము ఆ బాకీలను విడిచినను, ఈయన మనస్సాక్షి విడువలేదు. న్యాయవాదిగా ఆర్జించి 1913లో అన్నియు తీర్చెను. తరువాత దేశము కొరకు ఆ వృత్తినే మానుకొనెను. తుదకు భవానీపూరులోని స్వగృహమును స్త్రీల సేవ నిమిత్తము ధర్మకర్తలకు వ్రాసి యిచ్చెను.

అయితే ఆ యింటిమీద అప్పుండెను! దాత మనస్సు గొప్పదైనంత మాత్రమున ఆసుపత్రి నడువదు గదా. 1925 జూన్ 16న ఆయన డార్జిలింగులో కన్నుమూయగా, గాంధీగారు బెంగాలులోనే నిలిచి, 10 లక్షల రూపాయల నిధికై ఊరూర చేయి చాచెను. 1926లో ఆ యింట చిత్తరంజన్ సేవాసదనము తెరువబడెను.

దానికి అనుబంధముగా చిత్తరంజన్ క్యాన్సరు ఆసుపత్రి వెలసెను. 1950 జనవరి 2న దానిని ప్రారంభించినది రేడియము కనుగొనిన క్యూరీ దంపతుల కుమార్తె ఐరీన్. మోషే దూరమునుండియైనను కనానును చూచెను. దాసుగారికి ఆ మాత్రమును దక్కలేదు.