చిన్న కారు కన్న పెద్ద మనిషి – హెర్బర్ట్ ఆస్టిన్

పెద్ద కంపెనీ యజమాని ఒకరు అప్పుల్లో మునిగి ఉన్న రోజుల్లో, పద్దెనిమిదేళ్ళ కుర్రాడిని ఇంటికి పిలిపించుకుని, అతని మాట విని కారు తయారుచేశారంటే మనం నమ్మగలమా? కానీ అది నిజంగా జరిగింది. ఆ యజమాని పేరు హెర్బర్ట్ ఆస్టిన్. ఆ కారు పేరు ఆస్టిన్ సెవెన్.

ఆస్టిన్ 1866 నవంబరు 8న ఇంగ్లండులోని లిటిల్ మిసెండెన్ గ్రామంలో జన్మించారు. యువకుడిగా ఆస్ట్రేలియా వెళ్ళి మెల్‌బోర్న్‌లో యంత్రాల పని నేర్చుకున్నారు. గొర్రెల ఉన్ని కత్తిరించే యంత్రాలు చేసే ఊల్స్‌లీ కంపెనీలో చేరి, 1893లో ఆ పని మీదే బర్మింగ్‌హామ్‌కు తిరిగి వచ్చారు. ఉన్ని కత్తిరింపు ఏడాది పొడవునా ఉండే పని కాదు. అందుకని కంపెనీకి వేరే దారి వెతుకుతూ మోటారు కార్ల తయారీ మొదలుపెట్టారు. 1905లో ఆ కంపెనీని వదిలి, లాంగ్‌బ్రిడ్జ్‌లో మూతపడిన ఒక ముద్రణాలయంలో సొంత కంపెనీ స్థాపించారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన కర్మాగారం ఆయుధ సామగ్రిని తయారుచేసి ఎంతో పెరిగింది. కానీ ఆ యుద్ధమే 1915లో ఆయన ఒక్కగానొక్క కొడుకు వెర్నన్‌ను బలి తీసుకుంది. యుద్ధం ముగిశాక ఆయన తన ఆశలన్నీ ఒకే పెద్ద కారుపై పెట్టుకున్నారు. దాన్ని కొనేవారు తక్కువయ్యారు. పైగా ఇంజను హార్స్‌పవర్‌ను బట్టి పన్ను వచ్చింది. 1921లో కంపెనీ అప్పులవాళ్ళ తరఫు అధికారి చేతిలోకి వెళ్ళింది.

ఆ సమయంలో సామాన్య కుటుంబాలు మోటారు సైకిలుకు పక్క తొట్టి తగిలించుకుని ఎండలో, వానలో తిరిగేవి. వారికి అందుబాటులో ఉండే చిన్న కారు చేయాలని ఆస్టిన్ అనుకున్నారు. డైరెక్టర్లు ఒప్పుకోలేదు. ఆయన వెనక్కి తగ్గలేదు. సొంత డబ్బు పెట్టి, తన ఇంట్లోని బిలియర్డ్స్ గదిలోనే పని ప్రారంభించారు. నమూనాలు గీయడానికి కర్మాగారంలో పనిచేసే స్టాన్లీ ఎడ్జ్ అనే కుర్రాడిని పిలిపించారు. రెండు సిలిండర్ల ఇంజను చాలునేమో అనుకున్న యజమానికి, నాలుగు సిలిండర్ల చిన్న ఇంజనే మేలని ఎడ్జ్ నచ్చజెప్పాడు. యాభై అయిదేళ్ళ అనుభవజ్ఞుడు ఆ మాటను అంగీకరించారు.

1922లో కారు బయటికి వచ్చింది. బొమ్మ కారంటూ నవ్విన వాళ్ళున్నారు. అయినా నాలుగు చక్రాలకూ బ్రేకులున్న ఆ బుల్లి కారు 1939 వరకు సుమారు 2,90,000 అమ్ముడై కంపెనీని నిలబెట్టింది. బీఎండబ్ల్యూ వారి మొదటి కారు కూడా లైసెన్సుపై తయారైన ఆస్టిన్ సెవెనే!

1936లో ఆస్టిన్ కేంబ్రిడ్జ్‌లోని కావెండిష్ ప్రయోగశాలకు 2,50,000 పౌండ్లు విరాళమిచ్చారు. 1941 మే 23న కన్నుమూశారు.

ఎడ్జ్ వయసు మన పన్నెండో తరగతి అన్నలు, అక్కల వయసే. మనం చిన్నవాళ్ళం, మన మాట ఎవరు వింటారని అనిపించినప్పుడు ఆ బిలియర్డ్స్ గదిని గుర్తుచేసుకుందాం. అయితే ఎడ్జ్‌కు ఇంజన్ల గురించి బాగా తెలుసు కాబట్టే ఆస్టిన్ విన్నారు. వినే పెద్దలు దొరికే రోజుకు మనం కూడా నేర్చుకుని సిద్ధంగా ఉందాం.