గులాం కాసిం

సాయంకాలము హైదరాబాదులోని నాంపల్లి స్టేషనున రైలెక్కినవాడు మఱునాటి ఉదయమునకు చెన్నపట్నము చేరును. 1828లో ఈ సౌకర్యము లేదు. నాంపల్లి స్టేషను 1907లో గాని వెలయలేదు. ఆరవ నిజాము కొలువులోని ఆబిడ్ అను నతని దుకాణమును బట్టి ఆబిడ్సు అను పేరు ఏర్పడుటయు 1828కి పిమ్మటి మాటయే. రెండు నగరముల నడుమ ఆరువందల కిలోమీటర్లకు పైబడిన దారిని జాబులు మెల్లగా దాటవలసి యుండెను. అట్టి జాబుల మూలముననే ఆ యేట హైదరాబాదునకును మద్రాసునకును చదరంగపు పోటీ ఆరంభమైనది. మద్రాసు పక్షమున ఆడినవారిలో గులాం కాసిం ఒకడు.

జాబులతో ఆడుట ఓర్పుగలవారి పని. ఒక యెత్తునకు బదులు వచ్చులోపల పావులను పలుమారులు కదిపి చూచుకొనవచ్చును. కాని వ్రాసి పంపిన యెత్తు మరల చేతికి రాదు. 1829లో ముగిసిన ఆ రెండాటలలోను మద్రాసు పక్షమే గెలిచినది.

గెలిచినవారు సాధారణముగా బల్ల మడిచి లేచిపోవుదురు. కాసిం అట్లు చేయలేదు. జేమ్సు కాక్రేనుతో కలిసి ఆ యాటలను, వానితోపాటు ముజియో గాంబిట్ అను ఆటతీరును గూర్చిన పరిశోధనను 1829లోనే మద్రాసున గ్రంథముగా వెలువరించెను.

ఆ ఆటతీరు మిక్కిలి సాహసమైనది. నల్లబంటు తెల్లగుఱ్ఱము మీదికి వచ్చును. తెల్లవాడు గుఱ్ఱమును తప్పింపక, రాజును ప్రక్కకు జరిపి కోట కట్టుకొనును. గుఱ్ఱము పోవును, అందుకు ప్రతిగా ఏనుగునకును మంత్రికిని శత్రురాజు మీదికి దారి తెఱచుకొనును. మన దేశపు పాత ఆటలో ఈ విధముగా కోట కట్టుట లేదు. రాజు ఒక్కమారు గుఱ్ఱమువలె దుముకుట కలదు. పరదేశపు పద్ధతిలోని ఇంతటి చిక్కుముడిని ఒక భారతీయుడు పరిశోధించుట సామాన్యము కాదు.

ఇచ్చిన గుఱ్ఱమునకు తగిన ఫలము దక్కునా? ఊహ చాలదు. ప్రత్యర్థి వేయగల ప్రతి యెత్తును వేసి, దానికి బదులు వెదకి, మరల మొదటికి వచ్చి వేఱొక దారి పట్టవలెను. అదే స్థితిలో కోట కట్టుటకు మారుగా, గుఱ్ఱమును అట్లే విడిచి, మంత్రి యెదుటి బంటును రెండు గడులు నడుపు మార్గమొకటి కలదు. కాసిం 1844లో మరణించెను. ఐరోపా చదరంగ గ్రంథములలో ఆ బంటు యెత్తునకు గులాం కాసిం గాంబిట్ అని పేరు.