ఒకే పియానో, నాలుగు చేతులు: బ్రామ్స్ కథ

పిల్లలూ, మన నారాయణపట్నలో హార్మోనియం చూడనివాళ్లు ఉండరు. పియానోని మాత్రం మీలో చాలామంది ఫోన్లోనే చూసుంటారు. ఆ పియానో ముందు ఇద్దరు పక్కపక్కన కూర్చుని వాయించే పద్ధతి ఒకటుంది. దానికోసం పాటలు కట్టిన యోహానెస్ బ్రామ్స్ గురించి ఈసారి చదవండి.

ఆయన 1833 మే 7న జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టాడు. తండ్రి డబుల్ బాస్ అనే పెద్ద తంతివాద్యం వాయించేవాడు, తల్లి బట్టలు కుట్టేది. ఆమె తండ్రికన్నా 17 ఏళ్లు పెద్ద. డబ్బున్న ఇల్లు కాదు. కుర్రతనంలోనే బ్రామ్స్ నాట్యాలకి పియానో వాయించి నాలుగు డబ్బులు తెచ్చేవాడు. 1853లో షూమన్ అనే పెద్ద సంగీతకర్త ఇతని ప్రతిభ గురించి పత్రికలో రాసేసరికి 20 ఏళ్లకే పేరొచ్చింది. ఆ షూమన్ మరుసటి ఏడే మతి చలించి ఆస్పత్రి పాలైతే, ఆయన భార్య క్లారాకీ పిల్లలకీ అండగా నిలబడ్డది ఈ కుర్రాడే.

1862లో వియన్నా చేరాడు. వాల్ట్జ్ నాట్యానికి అది పుట్టిల్లు లాంటి ఊరు. వాల్ట్జ్ అంటే మూడు దెబ్బల లెక్క. మన తకిట, తకిట అన్నమాట. రాజుల మేడలకి ఎక్కకముందు అది ఆ దేశపు పల్లెజనం ఆటే, మన కొండ ఊళ్ల థింసాలాగే.

1865 జనవరిలో బ్రామ్స్ 16 చిన్న వాల్ట్జ్‌లు నాలుగు చేతులకి, అంటే ఇద్దరు మనుషులకి, సిద్ధం చేశాడు. అప్పటికి రికార్డులూ రేడియోలూ లేవు కదా, ఇంట్లో సంగీతం వినాలంటే ఇంట్లోవాళ్లే వాయించుకోవాలి. కుడిపక్క కూర్చున్నవాళ్లు పాట నడిపితే, ఎడంపక్కవాళ్లు కింది స్వరాల్లో లెక్క తప్పకుండా చూస్తారు. ఒకరు తొందరపడితే ఇద్దరిదీ పాడవుతుంది.

అదే శీతాకాలం ఆయనకి కష్టకాలం. అంతకుముందు ఏడే తల్లీ తండ్రీ విడిపోయారు. కలపాలని చూశాడు, కుదరలేదు. 1865 ఫిబ్రవరి 2న తల్లి చనిపోయింది. కబురందుకుని బయల్దేరినా చివరిచూపు దక్కలేదు. తర్వాత రాసిన పెద్ద శోకగీతం, 'జర్మన్ రెక్వియం'లో ఒక భాగం ఆ తల్లి కోసమేనని చాలామంది నమ్మకం.

వాల్ట్జ్‌లు 1866లో అచ్చయ్యాయి. ఒక్కరే వాయించుకునేలా కూడా రాసిచ్చాడు, నేర్చుకునేవాళ్లకి తేలికపాటిది వేరే. గంభీరమైన మనిషి ఇంత తేటగా రాశాడేమిటని తెలిసినవాళ్లే ఆశ్చర్యపోయారు. మొదటి సింఫనీ బయటికి రావడానికి మాత్రం 43 ఏళ్లు వచ్చేదాకా ఆగాడు. నచ్చని రాతలు చాలా తనే నాశనం చేశాడు. పెళ్లి చేసుకోలేదు. 1897 ఏప్రిల్ 3న వియన్నాలోనే పోయాడు.

పరాయి సంగీతం మనకెందుకు అనుకోకండి. మన పక్కనే విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వాయించిన వయొలిన్ కూడా అక్కణ్ణించి వచ్చిందే. ఆ 16లో 15వది వెతికి వినండి. రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. వేళ్లతో తకిట లెక్కపెడుతూ, ఎడంపక్క మనిషి ఏం చేస్తున్నాడో చెవి పెట్టండి.